పున్నారావు తదితరులు

బాపట్ల నుంచి సూర్యలంక వెళ్ళే దారిలో, సరుగుడు తోటలు దాటాక, ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీ ఉంది. ఔషధ రసాయనశాస్త్రమనే మహాసముద్రంలో తెనాలి వాస్తవ్యుడు డాక్టర్ పున్నారావు పోసిన చెంబెడు నీళ్ళు బయల్దేరింది అక్కణ్ణుంచే. దానివల్ల సముద్రమట్టం పెరిగిందా లేదా అన్నది వేరే సంగతి. పోసినవాడి పేరు మాత్రం అవతలి ఒడ్డుదాకా వెళ్ళింది. ఎలా వెళ్ళిందన్నదే ఈ కథ.

పున్నారావు మందులు తయారుచేసేవాడు కాదు. మందులేమోనన్న అనుమానం కలిగించే పొడులు తయారుచేసేవాడు. ఈ తేడా వీధిలో వాళ్ళకి తెలియదు గనక తలనొప్పికి ఏ బిళ్ళ వేసుకోవాలని అతన్ని అడిగేవారు. "నాది పరిశోధనండీ" అని గంభీరంగా చెప్పి పంపేసేవాడు. తనకి తలనొప్పి వస్తే చెంచుపేట సెంటర్లో మందుల షాపువాణ్ణి అడిగి తెచ్చుకునేవాడు.

చాల్కోన్లని ఒక జాతి పదార్థాలున్నాయి. రెండు సరుకులు స్పిరిట్లో కరగేసి, నాలుగు చుక్కలు క్షారం పోసి కలియబెట్టి వదిలేస్తే, మర్నాటికి గాజుకుప్పె అడుగున పచ్చటి పొడి దిగుతుంది. దానికో మూల క్లోరిన్ తగిలిస్తే ఒక పేపరు. క్లోరిన్ ఊడబెరికి బ్రోమిన్ పెడితే రెండో పేపరు. రెండూ పెడితే మూడోది, రెండూ తీసేస్తే "తులనాత్మక అధ్యయనం". ఒకే పిండితో ఇడ్లీ, అట్టు, ఊతప్పం వేసి చివరికి మిగిలిన పులిసినదాంతో పునుగులు వేసే హోటలువాణ్ణి మనమెవరం తప్పుపట్టం. పున్నారావునీ ఎవరూ తప్పుపట్టలేదు. ఉద్యోగంలో చేరిన ఇరవై ఏళ్ళలో ఎనభై పైచిలుకు పేపర్లు వేశాడు. ప్రతిదాని మీదా రెండో పేరు ప్రిన్సిపాల్ వెంకట సుబ్బయ్యగారిది, మూడోది కాలేజీ కరస్పాండెంట్ సాంబశివరావుగారిది. సాంబశివరావుగారు రొయ్యల చెరువుల యజమాని. రసాయనశాస్త్రంతో ఆయన సంబంధం చెరువులో సున్నం చల్లించడం వరకే.

పేపరు వేస్తే చాలదు, దాన్ని ఇంకొకరు తమ పేపర్లో ప్రస్తావించాలి. దాన్ని సైటేషన్ అంటారు. పండితుడి విలువ అందులో ఉంటుంది. మన జిల్లాల పండితులు దీన్ని పెళ్ళి చదివింపుల పద్ధతిలో నడుపుకొచ్చారు. నా పేపరుకి నువ్వు రెండు చదివిస్తే, నీ ఇంట్లో శుభకార్యానికి నేను రెండు చదివిస్తాను. ఎవరు ఎవరికి ఎంత పెట్టారో అందరికీ నోటికి వచ్చు. తిరిగి పెట్టనివాడి మొహం సెమినార్లలో ఎవరూ చూడరు. పున్నారావు ఈ మర్యాదలో ఎన్నడూ లోటు చేసినవాడు కాదు. అందుకని గుంటూరు దాటి అతని కీర్తి ఎటూ పోకపోయినా గుంటూరు లోపల పదిలంగానే ఉండేది.

ఇదంతా నిజమని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది. అతని భార్య వైదేహి. తెనాలిలో హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. కెమిస్ట్రీ ఆమెకి అక్షరం తెలియదు. భర్త రాసిన ప్రతి పేపర్లోనూ క్రియలు సరిచేసి, కామాలు పెట్టి, ఒక్కొక్క వాక్యాన్నీ ఉతికి ఆరేసింది. ఆదివారాలు అతను ల్యాబుకి వెళ్తే బజారు పని, కరెంటు బిల్లు, అద్దె ఇంటాయన పేచీలు అన్నీ ఆమే చూసుకుంది. చుట్టాల పెళ్ళిళ్ళకి ఒంటరిగా వెళ్ళి, "ఆయనకి రీసెర్చండీ" అని చెప్పి, ఆ మాటకి వాళ్ళు నవ్వితే పడింది.

ఎక్కువగా నవ్వింది ఆమె అక్క భర్త రఘురామ్. రేపల్లెలో ఎరువుల వ్యాపారం. తోడల్లుణ్ణి చూసినప్పుడల్లా ఒకటే పలకరింపు: "ఏం తమ్ముడూ, నీ పొడి ఎవడన్నా కొన్నాడా? నా పొడి చూడు, బస్తాలు బస్తాలు పోతోంది."

పున్నారావు దీనికి జవాబు చెప్పేవాడు కాదు. వైదేహి చెప్పేది. "మీ పొడి పొలంలో చల్లుతారు బావగారూ. ఆయనది మనుషుల్లోకి వెళ్ళాలి. టైం పడుతుంది." ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో కనిపించే ధీమా కోసమే పున్నారావు బతుకుతున్నాడంటే అతిశయోక్తి కాదు. ప్రిన్సిపాలు మెచ్చుకోలు అతనికి లెక్కలేదు. దాని ఖరీదు అతనికి తెలుసు. వైదేహి మెచ్చుకోలు ఒక్కటే అసలు సరుకు.

కొన్నేళ్ళ కిందట కుప్పెలో ఒక పొడి దిగింది. మిగతా వాటికన్నా పచ్చన, బంతిపూవు రంగు. తన పేరులోని అక్షరాలే పెట్టి దానికి పీఆర్-7 అని నామకరణం చేశాడు. మొదటి ఆరూ ఎక్కడున్నాయని ఎవరూ అడగలేదు. కీళ్ళవాపుకి కారణమయ్యే ఒక ఎంజైము మీద దాన్ని పరీక్షించే పని అప్పట్లో ఎం.ఫార్మసీ చదువుతున్న ఆస్మాకి అప్పజెప్పాడు. బాపట్ల పిల్ల, కుదురైన చెయ్యి.

పరీక్ష కిటుకు ఇంతే. ఎంజైము పనిచేస్తుంటే గాజుగొట్టంలో చిన్న వెలుగు పుడుతుంది. మందు పడి ఎంజైము ఆగిపోతే వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలని మిషను కొలుస్తుంది. పీఆర్-7 వేయగానే వెలుగు దాదాపు పూర్తిగా పోయింది. పున్నారావు మిషనుకి దణ్ణం పెట్టాడు.

"సార్," అంది ఆస్మా, "ఇది బాగా పచ్చగా ఉంది కదండీ. వెలుగుని ఇదే తాగేస్తోందేమో. ఎంజైము లేకుండా, ఒట్టి వెలుగు మీద ఒకసారి పెట్టి చూద్దామండీ?"

ల్యాబు నిండా పిల్లలున్నారు. పున్నారావు అందరికీ వినిపించేలా అన్నాడు. "పెళ్ళికొడుకు లేకుండా ఒకసారి పెళ్ళిచేసి చూద్దామంటోందమ్మా ఈవిడ! ఏం, ఇంట్లో పసుపు దంచి దంచి పచ్చగా ఉన్నదంతా అనుమానంగా కనిపిస్తోందా?"

పిల్లలు విరగబడి నవ్వారు. ఆస్మా కూడా, మిగతావాళ్ళు నవ్వడం అయిపోయాక, కాస్త నవ్వింది.

పేపరు అచ్చయినప్పుడు ఆ పిల్ల పేరు రచయితల్లో లేదు. సాంబశివరావుగారి బావమరిదికి చోటు కావలసి వచ్చింది. చివర్లో కృతజ్ఞతల దగ్గర మాత్రం, గాజుసామాను పరిశుభ్రంగా ఉంచినందుకు కుమారి ఆస్మాకి ధన్యవాదాలని రాయించాడు. ఆ వాక్యంలోనూ వైదేహి ఒక కామా సరిచేసింది.

తర్వాత ఏడాదికి అద్భుతం జరిగింది. జర్మనీ నుంచి ఒక సైటేషన్ వచ్చింది. చదివించనివాడు చదివించాడు! వెంటనే జపానువాడు, ఆ వెంటనే బ్రెజిలువాడు. చుట్టరికం లేదు, ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు, ఊరూపేరూ తెలియని దొరలు వరసకట్టి పీఆర్-7 పేపర్ని ప్రస్తావిస్తున్నారు. కంప్యూటర్లో అంకె పెరుగుతూనే ఉంది. వాళ్ళు ఏమన్నారో చదువుదామంటే ఆ పత్రికలన్నీ తాళాలు వేసినవి. డాలర్లు కడితేగాని తలుపు తెరవరు. కాలేజీకి అలాంటి చందాలు లేవు. శీర్షిక, రచయితల పేర్లు, అడుగున "పున్నారావు తదితరులు" అన్న చిన్న అక్షరాలు, ఇంతవరకే ఉచితం.

పెళ్ళిలో చదివింపుల కవరు మీద పేరుంటే లోపల ఏముందోనని ఎవరూ అనుమానించరు. పున్నారావూ అనుమానించలేదు. తెనాలి నుంచి జున్ను తెప్పించి స్టాఫ్ రూములో పంచాడు. వైదేహి ఆ అంకెని ఫోన్లో ఫోటో తీసి అక్కకి పంపింది. రఘురామ్ పలకరింపు కొన్నాళ్ళు మూగబోయింది.

ఈ ఏడు కాలేజీకి గుర్తింపు కమిటీ రావలసి ఉంది. వచ్చేవాళ్ళకి ఘనకార్యాలు చూపించాలి. వెంకట సుబ్బయ్యగారు వెతగ్గా వెతగ్గా కాలేజీ మొత్తానికి ఘనమైనది పున్నారావు అంకె ఒక్కటే కనిపించింది. వెంటనే బాపట్లలో కల్యాణమండపం మాట్లాడారు. సన్మానసభ. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచింది. దాంట్లో పున్నారావు వెనక భూగోళం తిరుగుతోంది, పక్కన సాంబశివరావుగారు రెండింతల సైజులో నమస్కరిస్తున్నారు.

"వేదిక మీద మనం పొగుడుకోవడం కాదయ్యా," అన్నారు ప్రిన్సిపాలు. "ప్రపంచం ఏమంటోందో చదివిద్దాం. ఆస్మాకి చెప్పాను. ఆ అమ్మాయి హైదరాబాద్‌లో ఎవరి ద్వారానో ఆ పేపర్లన్నీ పూర్తిగా తెప్పించింది."

ఆస్మా అప్పటికి అదే కాలేజీలో లెక్చరరు. ఆ సాయంత్రం కాగితాలు తెచ్చి పున్నారావు బల్ల మీద పెట్టింది. చదవబోయే వాక్యాలకి కింద గీతలు గీసి ఉన్నాయి.

"ఒకసారి చూసుకోండి సార్. మీ పేరు ఎలా పలకాలో కూడా ప్రాక్టీసు చేశానండి."

పున్నారావు మొదటి కాగితం చదివాడు. రెండోది చదివాడు. మూడోది సగంలో కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. అక్షరాలు మారలేదు. దీపానికి పసుపు గుడ్డ కప్పి దీపం ఆరిందన్నాడు కాబట్టి ప్రపంచం అతన్ని గుర్తుపెట్టుకుంది. చేయకూడని పొరపాటుకి అందరూ చూపించే బొమ్మ అతను. ఆ దారిన పోయే ప్రతివాడూ ఆగి, బొమ్మని చూపించి, నలుగురికీ చెప్పి పోతున్నాడు. అంకె పెరిగింది అందుకు.

"ఆస్మా, ఇవి చదవద్దమ్మా."

"ప్రిన్సిపాల్ గారు ఓకే చేసేశారండి."

"ఆయన చదివారా?"

"మీ పేరు ఎన్నిసార్లుందో చూశారండి." ఆ పిల్ల కాగితాలు జాగ్రత్తగా సర్దుకుంది. "ఒక సంగతి, సార్. అప్పుడు మీరు నా పేరు తీసేశారు కదా. ఇన్నాళ్ళూ థాంక్స్ చెప్పలేదు. ఆ తదితరుల్లో నేనూ ఉండాల్సిందండి."

అతను ప్రిన్సిపాలు గదికి పరుగెత్తాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వెంకట సుబ్బయ్యగారు ఓపిగ్గా విన్నారు.

"తిట్టారంటావు."

"తిట్టారండి."

"పేరు పెట్టే తిట్టారుగా?"

"పేరు పెట్టే."

"కాలేజీ పేరు?"

"అదీ ఉందండి."

"మరింకేం! ఆ అంకెకి ముందు మైనస్ గుర్తేమన్నా ఉందా? లేదు. కమిటీవాళ్ళు అంకె చూస్తారు, అంకె పక్కన టిక్కు పెడతారు, భోజనం చేస్తారు, వెళ్తారు. హాల్లో ఆ ఇంగ్లీషు అర్థమయ్యే పురుగు లేదు. నువ్వు నోరు మెదపకు."

హాల్లో అర్థమయ్యే మనిషి ఒకరుంటారని పున్నారావుకి తెలుసు. ఆ రోజు ఇంటికి వెళ్తూనే మొదలుపెట్టాడు. "వైదేహీ, నువ్వు రావద్దులే. మండపంలో ఏసీ లేదు. ఉక్కపోత."

"పర్లేదండీ."

"స్కూలుకి సెలవు దండగ."

"పెట్టేశాను. హెడ్మాస్టర్ గారే కంగ్రాట్స్ చెప్పారు."

"రానూపోనూ బస్సుల్లో..."

"బస్సులేంటి! అక్కావాళ్ళు రేపల్లె నుంచి వ్యాను మాట్లాడుకుని వస్తున్నారు. తిరిగొచ్చేప్పుడు వాళ్ళింట్లోనే భోజనాలు. బావగారే ఫోన్ చేశారు. 'పున్నారావుకి నేను శాలువా కప్పాలి వైదేహీ' అన్నారు." ఆమె అప్పటికే కొత్త చీర ఇస్త్రీకి ఇచ్చింది. "ఇన్నేళ్ళూ మీ మాటలు నేను దిద్దాను. మీ గురించి వాళ్ళన్న మాటలు ఒక్కసారి వినాలండీ."

అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. రెండు వాక్యాల పని. పున్నారావు మంచినీళ్ళు తాగాడు. భోజనం చేశాడు. టీవీలో వాతావరణం చూశాడు. తర్వాత పడుకున్నాడు.

సభ ఘనంగా జరిగింది. పన్నీరు చల్లారు. విద్యార్థులకి హాజరు ఇస్తామన్నారు గనక మండపం కిక్కిరిసింది. ముందు వరసలో వైదేహి, పక్కన అక్క, రఘురామ్, చివర వినికిడి తగ్గిన రఘురామ్ తల్లి నాగేశ్వరమ్మ. సాంబశివరావుగారు ప్రసంగిస్తూ ఈ పరిశోధనలో తాను పడ్డ శ్రమ గుర్తు చేసుకుని కొంచెం కళ్ళు ఒత్తుకున్నారు. ఆ తర్వాత ఆస్మా మైకు దగ్గరికి వచ్చింది. స్పష్టమైన ఇంగ్లీషు, తేనెలాంటి గొంతు.

మొదటిది జర్మనీ. దాని అర్థం ఇది: "పదార్థం కాంతిని మింగేయడాన్ని ఔషధగుణమని పొరబడ్డవాళ్ళలో పున్నారావు తదితరులు ముఖ్యులు."

"పున్నారావు" అన్న మాట వినపడగానే హాలు చప్పట్లతో మోగింది. వైదేహి చేతులు కూడా మోగాయి. అయితే అందరికన్నా ఒక్క క్షణం ముందే ఆగాయి.

రెండోది జపాను: "ఈ తప్పు ఎంత తేలిగ్గా చేయవచ్చో తెలుసుకోగోరే విద్యార్థులు పున్నారావు తదితరులను తప్పక చదవాలి."

విద్యార్థుల ఈలలు. వైదేహి చప్పట్లు కొట్టడానికి చేతులు ఎత్తి, ఎత్తినవి ఎత్తినట్టే ఉంచింది. ఆమె తలకాయ కాస్త పక్కకి వాలింది. పిల్లవాడు పద్యం తప్పు చదువుతున్నప్పుడు టీచర్లు అలా వింటారు.

మూడోది బ్రెజిల్: "ఎంజైము లేకుండా ఒక్కసారి సరిచూసుకుని ఉంటే పున్నారావు తదితరుల వ్యాసం పుట్టేదే కాదు." ఈ వాక్యాన్ని ఆస్మా ఎందుకోగాని రెండుసార్లు చదివింది. రెండుసార్లూ చప్పట్లు పడ్డాయి. వైదేహి చేతులు ఒళ్ళోకి దిగిపోయాయి. వేదిక మీద పున్నారావు మెడలో దండలున్నాయి, చేతిలో జ్ఞాపిక ఉంది, కళ్ళు మాత్రం ఆ రెండు చేతుల మీదే ఉన్నాయి.

చివరిది పాఠ్యపుస్తకం నుంచి: "మా ప్రయోగశాలలో ఇలాంటి దొంగ ఫలితాన్ని ముద్దుగా పున్నారావు ఎఫెక్ట్ అంటాం."

వెంకట సుబ్బయ్యగారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. "ఎఫెక్ట్! విన్నారా? మనిషి పేరు మీద ఎఫెక్ట్! బాపట్ల చరిత్రలో ఉందా?" అని మైకు లాక్కున్నారు. హాలంతా లేచి నిలబడింది. రఘురామ్ ఈలవేశాడు. అందరూ లేచారు కాబట్టి వైదేహి కూడా లేచింది. లేచి, నేరుగా భర్తనే చూస్తూ, చప్పట్లు కొట్టింది. ఒక్కొక్కటే.

స్పందించమన్నారు. పున్నారావు మైకు పట్టుకుని, "ఈ ఘనత నా ఒక్కడిదే కాదు" అన్నాడు. ఆ రోజు వేదిక మీద వినిపించిన నిజం అదొక్కటే. ప్రిన్సిపాలు, కరస్పాండెంటు తలలు వంచి వినయంగా స్వీకరించారు.

వ్యాను చెరుకుపల్లి మీదుగా రేపల్లె బయల్దేరింది. పొద్దు ఇంకా వాలలేదు. రఘురామ్ తోడల్లుడి భుజం వదలడం లేదు. "తమ్ముడూ, ఇన్నాళ్ళూ నిన్ను పొడి మాస్టారు పొడి మాస్టారు అని ఏడిపించాను. తప్పయిపోయింది. ఎఫెక్టంటే సామాన్యమా! వైదేహీ, ఆ అమ్మాయి గడగడా చదివేసింది, మాకొక్క ముక్క ఎక్కలేదు. నువ్వు తెలుగులో చెప్పమ్మా. జర్మనీవాడేమన్నాడు?"

వ్యాన్లో అందరూ వైదేహి వైపు తిరిగారు. పున్నారావు ఒళ్ళో జ్ఞాపిక గట్టిగా పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆమె అతని కోసం ఒక్క అబద్ధం చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఉందని ఆమెకి తెలియదు.

వైదేహి కిటికీలోంచి చూపు తిప్పకుండా మొదలుపెట్టింది. "వెలుగు గురించి ఇంత లోతుగా ఆలోచించినవాళ్ళలో ఈయనే ముఖ్యులన్నాడు."

"ఆహా! జపానువాడు?"

"చదువుకునే పిల్లలందరూ ఈయన్ని చదవాలన్నాడు."

"బ్రెజిలు?"

"ఈయనలా ఇంకెవరూ చేసుండరన్నాడు." ఆమె గొంతులో కోపం లేదు. వణుకు లేదు. ఫెయిలైన పిల్లాడి తండ్రి పదిమందిలో వచ్చి అడిగితే, పిల్లాడి మొహం చూసి, బాగానే చదువుతున్నాడండీ అని చెప్పే గొంతు అది. ఆ గొంతు పున్నారావు ఎన్నోసార్లు విన్నాడు. తన గురించి వినడం ఇదే మొదలు.

"మరి ఆ మందు," అన్నాడు రఘురామ్, "మా అమ్మ మోకాళ్ళకి కాస్త ఇస్తావా తమ్ముడూ? వాపుకేగా?"

పున్నారావుకి భార్య అబద్ధాల మీద ఇంకొక్క గజం కూర్చోలేననిపించింది. "అన్నయ్యా, అది మందు కాదు. దానికేం గుణం లేదు. వట్టి పసుపు రంగు. నేను చూసుకోకుండా రాశాను. వాళ్ళందరూ అన్నది అదే. నన్ను వెక్కిరించారు." ఒక్క ఊపిరిలో అనేశాడు.

రఘురామ్ పగలబడి నవ్వాడు. "చూశావా! విద్య ఉన్నవాళ్ళు ఇలాగే ఉంటారు. మన ఎరువుల కంపెనీవాడు బస్తాడు మట్టి అమ్మి బంగారమంటాడు. ఈయన బంగారం చేసి మట్టంటున్నాడు."

"నిజం అన్నయ్యా! వైదేహిని అడగండి!"

అందరూ మళ్ళీ ఆమె వైపు తిరిగారు. పున్నారావు కూడా తిరిగాడు. ఔనను, ఒక్కసారి ఔనను, అన్నట్టు చూశాడు.

వైదేహి బయల్దేరిన తర్వాత మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "ఆయన ఇంతే బావగారూ," అంది. "ఆయన మాటలు పట్టించుకోకండి." తర్వాత, వ్యాను రొదలో అతనికి మాత్రమే వినపడేలా, "చెప్పాల్సింది నాకు. వీళ్ళకి కాదు" అంది.

వెనక సీట్లోంచి నాగేశ్వరమ్మ ముందుకి వంగింది. "ఏంటే అమ్మాయ్, ఏమన్నారంటా మనవాణ్ణి? నాకేం వినపళ్ళా. గట్టిగా చెప్పు."

"చెప్తానత్తయ్యగారూ." వైదేహి సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుంది. జర్మనీ నుంచి మొదలుపెట్టింది. ఈసారి గొంతు పెంచి, మాట మాటకీ కొంత చేర్చి, క్లాసులో పాఠం చెప్పినట్టు నిదానంగా చెప్పింది. ముసలావిడ మధ్యమధ్య "మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు" అని అడుగుతూనే ఉంది. వైదేహి విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. రేపల్లె చేరేదాకా పున్నారావు రఘురామ్ కప్పిన శాలువాతో తన కీర్తి వింటూ కూర్చున్నాడు.